గౌహతి నుంచి మూడు గంటలే అని చెప్పాను

మీరు అబద్ధం చెబుతారు. చావు కబురు అందగానే ఫోన్ తీసి, ఈ ఎయిర్‌పోర్టుకీ ఆ ఎయిర్‌పోర్టుకీ మధ్య విమాన దూరం ఎంత, ప్రయాణ సమయం ఎంత అని వెతుకుతారు. తెరమీద కనబడ్డ అంకెను అవతల ఏడుస్తున్న మనిషికి మాటగా ఇచ్చేస్తారు. "మూడు గంటల్లో ఉంటా, నేనొచ్చేదాకా ఎత్తొద్దు" అంటారు. ఆ మూడు గంటలు విమానానివి, మీవి కావు. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసే చెబుతారు. అవతల ఒక బజారు బజారంతా మీ మాట పట్టుకుని ఎండలో కూర్చుంటుంది. కోపం వస్తే రానివ్వండి. ఈ నింద వేసే హక్కు నీకెక్కడిదని అడుగుతారేమో. మొన్న మార్చిలో ఈ పని నేను చేశాను. హక్కు అక్కడినుంచే వచ్చింది. గౌహతి నుంచి పల్నాడు దాకా రావాల్సిన వాళ్ళెవరైనా ఉంటే దారీ వేళలూ ఖర్చూ ఇందులో దొరుకుతాయి. వాటితోపాటు నా సిగ్గు కూడా చదవాల్సి వస్తుంది. రెండింటినీ విడదీసి రాద్దామని కూర్చున్నాను గానీ చేతకాలేదు.

నేను నరసరావుపేటలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన పొద్దంతా పత్రికలకు తగాదా వ్యాసాలు రాసుకునే మనిషిని. గౌహతిలో కొందరు మిత్రులు కూలీల పని గంటల మీద సభ పెడితే మాట్లాడడానికి వెళ్ళాను. కూలీ మనిషి పొద్దును యజమాని ఎట్లా దొంగిలిస్తాడో అరగంటసేపు గట్టిగానే మాట్లాడాను, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి మా మేనకోడలు సుజాత ఫోన్ చేసింది. మా అక్క కరుణమ్మ ఆమె తల్లి. మాచర్ల నుంచి వెల్దుర్తి పోయే దారిలో ఒక ఊరి క్రైస్తవుల వాడలో ఉండేది. మా బావ పోయి చాలాకాలమైంది. మిరపకాయ కోతల ముఠాకి మా అక్కే మేస్త్రి. తెల్లారకముందే ముప్పై మంది ఆడవాళ్ళను ఆటోల్లో ఎక్కించుకుని చేలకు తీసుకుపోయేది, సాయంత్రం రైతుతో పోట్లాడి వాళ్ళ కూలి వాళ్ళ చేతుల్లో పెట్టించేది. ఆ రోజు నీళ్ళు కాచుకుందామని లేచి, గుండె పట్టుకుని, పొయ్యి దగ్గరే కూలిపోయిందట.

"మావయ్యా, అమ్మ పోయింది" అన్నది సుజాత. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమే తేరుకుని అడిగింది. "నువ్వు చానా దూరంలో ఉన్నావుగా. పాస్టరు గారు పదకొండింటికల్లా సమాధి చేద్దామంటున్నాడు. ఎండలు ముదిరినయ్, జనం నిలబడలేరు అంటున్నాడు. ఏం చెప్పమంటావ్?"

అప్పుడు నేను ఆ ఫోన్లోనే, ఆమెను లైన్లో ఉంచి, గౌహతి హైదరాబాద్ అని కొట్టి చూశాను. గాలిలో దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు, ప్రయాణ సమయం మూడు గంటల లోపే అని చూపించింది. ఆ విమానం ఎన్నింటికి ఉందో చూడలేదు. సీటుందో లేదో చూడలేదు. హైదరాబాద్ అనే ఊరు మా అక్క ఇంటి ముందు లేదన్న సంగతి నాకు తెలియంది కాదు, ఆ నిమిషంలో దాన్ని తలుచుకోలేదు, అంతే. "మూడు గంటలే అమ్మా. మధ్యాహ్నానికల్లా నీ దగ్గరుంటా. నేను రాకుండా ఎత్తొద్దు. ఐసు పెట్టె తెప్పించు" అన్నాను. సుజాత అంగన్‌వాడీలో టీచరు. లెక్క తెలిసిన పిల్ల. అయినా మామయ్య మాటకు ఎదురు అడగలేదు. "సరే, ఆపుతాం" అంది.

గౌహతిలో సూర్యుడు మనకంటే ముందే లేస్తాడు. అయిదున్నరకే వీధులన్నీ తెల్లగా ఉన్నాయి. ఎయిర్‌పోర్టు ఊరికి బాగా బయట, పల్టన్ బజారు నుంచి కారులో గంట అనుకోండి, ఆ వేళకు రద్దీ లేదు కాబట్టి కాస్త ముందే చేరాను. కారు నడిపే అతను అద్దంలో నా ముఖం చూసి హిందీలో అడిగాడు. "ఎవరు పోయారు?" అక్క అన్నాను. "నాకు అయిదుగురు అక్కలు. ఒక్కరితో కూడా పడదు" అన్నాడు. ఊరు దాటాక, "ఇవాళ ఫోన్ చేస్తాలే" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి హైదరాబాద్‌కి నేరుగా పోయే విమానం సాయంత్రానికి గాని లేదని, అంతకుముందు కావాలంటే కోల్‌కతాలో దిగి మారాలని చెప్పింది. అప్పటికప్పుడు కొంటే టికెట్ పద్నాలుగు వేలు దాటింది. ముందే కొనుక్కున్నవాడు అందులో సగానికి పోతాడు. "అయితే హైదరాబాద్ ఎప్పటికి చేరతాను?" అని అడిగాను. "రెండున్నర, మూడు" అంది. మూడు గంటల ప్రయాణమని చూపించింది కదా అని ఆ అమ్మాయితో తగాదా పెట్టుకోబోయాను. "నేరుగా పోతే అంతే సార్" అంది, తప్పు తనది కానట్టు. నిజంగానే తప్పు ఆమెది కాదు.

అక్కడ లెక్క వేసుకోవాల్సింది. మూడింటికి శంషాబాద్, అక్కడినుంచి కారులో మాచర్ల నాలుగు గంటలు, అంటే చీకటి పడ్డాకే. మా వాడలో సమాధి పొద్దు గూకక ముందే జరగాలి. అంటే నేను చేరేసరికి ఎట్లాగూ వేళ దాటిపోతుంది, మర్నాడు పొద్దున్నే తియ్యాలి. లెక్క వేసుకోలేదని చెబితే అబద్ధమవుతుంది. వేసుకున్నాను. వేసుకుని, సుజాతకు "విమానం ఎక్కుతున్నా" అని మాత్రమే మెసేజ్ పెట్టాను. కోల్‌కతా మాట ఎత్తలేదు.

కోల్‌కతాలో దిగేసరికి పది దాటింది. నాకు ఆకలేసింది. దుఃఖంలో ఆకలి చచ్చిపోతుందని ఎవరో రాస్తుంటారు, నాకైతే చావలేదు. ఇడ్లీ దొరికే చోటు వెతుక్కుని రెండు ఇడ్లీ, ఒక కాఫీ తీసుకున్నాను. వాటి ధరకు నరసరావుపేటలో ఒక కుటుంబం తింటుంది. మొదటి ముక్క నోట్లో ఉండగా సుజాత ఫోన్.

"ఎక్కడున్నావ్ మావయ్యా?"

"కోల్‌కతాలో."

"అదేంది. మూడు గంటలే అన్నావుగా."

"మధ్యలో మారాలమ్మా. వచ్చేస్తున్నా."

"వచ్చేస్తున్నా అంటే ఏంది, టైము చెప్పు. పాస్టరు గారు అడుగుతున్నాడు. గొయ్యి తీసేవాళ్ళు అడుగుతున్నారు. బజారంతా పొయ్యి వెలిగించలా. పిల్లోళ్ళకి బిస్కట్లు పెట్టి కూకోబెట్టారు. పెద్దోళ్ళు మంచినీళ్ళ మీదున్నారు."

ఇక్కడ ఆగి, మా వైపు వాళ్ళు కానివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళలో ఇంటి ముందు శవం ఉన్నంతసేపూ ఆ బజార్లో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. శవం లేచాకే వంట. ఇది చర్చి చెప్పింది కాదు, చర్చి రాకముందునుంచీ ఉన్నది. పొద్దున పోయిన మనిషిని మధ్యాహ్నంలోపు సాగనంపే కాలంలో అది పెద్ద కష్టమేమీ కాదు, ఒక పూట పస్తు. నేను పుట్టి పెరిగింది అట్లాంటి బజార్లోనే. ఈ ఆచారం మీద గతంలో ఒక వ్యాసం కూడా రాశాను. ఎత్తొద్దని సుజాతకు చెప్పినప్పుడు మాత్రం అది నాకు గుర్తు రాలేదు. ఐసు పెట్టె గుర్తొచ్చింది. ఐసు పెట్టె చనిపోయినవాళ్ళ కోసం. బతికున్నవాళ్ళను నిలవబెట్టే పెట్టె ఎక్కడా అద్దెకు దొరకదు.

"దీనమ్మ అమ్మమ్మే భయంగా ఉంది" అంది సుజాత. "ఆరింటికే షుగరు సూది ఏసుకుంది. ఆపామని అప్పటికి తెలవక, పదకొండింటికి అయిపోయిద్దిగా, తర్వాత తింటాలే అనుకుందంట. ఇప్పుడు చేతులు వణుకుతున్నయ్. నేను చెప్తే ఇంటంలా. నువ్వన్నా చెప్పు."

దీనమ్మ మా అక్క పక్కింటావిడ. నాకు వరసకు పిన్ని. అక్క ముఠాలో అందరికంటే పెద్దది, ఇప్పటికీ సాలు వదలకుండా కోస్తుందని పేరు. ఫోన్ ఆమె చేతికొచ్చింది.

"పిన్నీ, సూది వేసుకుని తినకపోతే ప్రమాదం. కాస్త అన్నం తిను."

"ఏంది తినేది. మీ అక్క వాకిట్లో పడుకోనుండగా నేను పొయ్యి ముట్టిస్తానా. ఎవురన్నా ఇంటే నవ్విపోతారు."

"అది మూఢనమ్మకం పిన్నీ. బైబిల్లో కూడా లేదు."

"బైబిల్లో మిరపకాయలు గూడా లేవు. కోసుకుని తినటంలా?" అంది. ఆ వణుకులో కూడా మాట తడబడలేదు. "అది సరేగానీ అబ్బాయ్, ఇమానమంటే గాల్లో పోయేదేగా. రోడ్డు లేదు, రైలు గేటు లేదు, గొర్రెలు అడ్డం రావు. ఇంతసేపేంది నీకు?"

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. "నీ కోసమే ఆపాం లే. ఒక్కడే తమ్ముడివి. నువ్వొచ్చి మట్టెయ్యాల" అంది.

చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. "ఎత్తేయండి, నేను అందుకోలేను." ఆ మాట నాలుక మీదికొచ్చింది. దాని బదులు బయటికి వచ్చింది ఇది: "ఇంకో రెండు మూడు గంటలు పిన్నీ. ఈలోపు చక్కెర నీళ్ళన్నా తాగు." "తాగుతాలే" అని ఆమె నన్ను తప్పించుకుంది, నేను ఆమెను తప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక ప్లేటులో మిగిలిన ఇడ్లీ చల్లారి ఉంది. అది కూడా తిన్నాను. ఇక్కడ అబద్ధం రాస్తే ఈ వ్యాసం రాయడమే దండగ.

పన్నెండుంబావు విమానం ఒంటిగంట దాటాక గాని కదల్లేదు. ఎందుకో చెప్పారు, నేను వినలేదు. ఆ గంటలో నేను నాతో వాదించుకున్నాను. వాదించడం నా వృత్తి, కాబట్టి గెలిచాను. అక్కకు నేనొక్కడినే తోడబుట్టినవాణ్ణి. నన్ను చదివించింది ఆమె కోతల కూలి. ఒక్కసారి ముఖం చూసుకునే హక్కు నాకుంది. తినకుండా కూర్చోమని నేను ఎవరికీ చెప్పలేదు. ఆచారం వాళ్ళది, మానుకోవడం వాళ్ళ చేతుల్లో పని. ఇవన్నీ మంచి వాదనలే. సభలో చెబితే చప్పట్లు కొడతారు. ఆచారం వాళ్ళకు పదకొండింటి దాకానే పస్తు పెట్టింది, ఆ తర్వాతి పస్తు పెట్టింది నేను అన్న ఒక్క వాదన మాత్రం నా తరఫున ఎవరూ చెయ్యలేదు. విమానం తలుపులు వేస్తుండగా "బయల్దేరాం" అని మెసేజ్ కొట్టి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాను. పెట్టగానే ప్రాణం కుదుటపడింది. ఇక రెండు గంటలకు పైగా నన్ను ఎవరూ టైము అడగలేరు. పైలట్ మాత్రం అడక్కుండానే ఎత్తెంతో, వేగమెంతో, ఎప్పుడు దిగుతామో అన్నీ చెప్పాడు. వేడినీళ్ళు పోస్తే ఉప్మా అయ్యే డబ్బా ఒకటి ఇచ్చారు. అది కూడా తిన్నాను.

శంషాబాద్‌లో దిగి ఫోన్ తెరిచేసరికి మూడున్నర దాటింది. సుజాత వరసపెట్టి చేసిన ఫోన్లు కనబడ్డాయి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగి ఉంటే బాగుండేదేమో అనుకునేవాళ్ళకు చెబుతున్నాను, మాచర్ల వైపు వెళ్ళేవాళ్ళకు శంషాబాదే మేలు. అవుటర్ రింగు రోడ్డెక్కి బొంగుళూరు దగ్గర దిగి, ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊరు, మల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్, అక్కడ కృష్ణ దాటితే మాచర్ల ఎంతో దూరం లేదు. మొత్తం నూట డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. కారు అయిదు వేలకు కుదిరింది. నడిపే అతను యాదగిరి, దేవరకొండ వైపు మనిషి.

"మూడు గంటల్లో పోలేమా?" అన్నాను.

"పోవచ్చు సార్. చేరినంక మనం ఇద్దరం ఉండాలె గద" అన్నాడు. తర్వాత నా బ్యాగు వైపు, ముఖం వైపు చూసి, "ఏమన్న అయిందా సార్?" అని మెల్లగా అడిగి, జవాబు విని, పాటలు ఆపేసి తోలాడు. ఇబ్రహీంపట్నం దాటాక, "మాల్‌ల అయిదు నిమిషాలు ఆపుతా సార్. పొద్దుగాల్నుంచి తినలే" అన్నాడు.

"సాగర్‌లో తినొచ్చులే. పోనీ" అన్నాను.

పోనిచ్చాడు. కూలీ పొద్దును యజమాని ఎట్లా దొంగిలిస్తాడో అని ముందురోజు సభలో చెప్పిన మనిషి వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆ పోలిక నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

మల్లేపల్లి దగ్గర సుజాత ఫోన్ ఎత్తింది. గొంతు బొంగురుపోయి ఉంది. "దీనమ్మ అమ్మమ్మ పడిపోయింది మావయ్యా. కుర్చీలో కూకోనున్నదే పక్కకి ఒరిగిపోయింది. పిలిస్తే పలకలా. ఆటోలో ఏసుకుని మాచర్ల ఆస్పత్రికి తీసకపోయారు. నువ్వు ముందు ఆడికి పో."

"మరి అక్క?"

"ముందు ఆడికి పో" అని పెట్టేసింది.

యాదగిరిని ఆపమన్నాను. రోడ్డు పక్కన పరోటాలు కాల్చే హోటల్ ఉంది. "తిను" అన్నాను. అతను అద్దంలో నన్ను చూశాడు. "ఇందాక వద్దంటిరి. ఇప్పుడు లేటయితది గద సార్." తినమని మళ్ళీ చెప్పాను. అతను దిగి తిన్నాడు. మొహమాటపడి గబగబా తింటుంటే నిదానంగా తినమని అరిచాను. హోటల్ వాళ్ళు తలెత్తి చూశారు. నేను కారులోనే కూర్చున్నాను.

సాగర్ చేరేసరికి పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. చూడాలనుకునేవాళ్ళకు ఆ వేళ చాలా బాగుంటుంది, వంతెన మీద బళ్ళు ఆపనివ్వరు గనుక ముందే ఆపుకుని చూడండి. నేను చూడలేదు. మాచర్లలో ఆస్పత్రి మెట్లెక్కేసరికి దీపాలు పెట్టేశారు. ఆడవాళ్ళ వార్డులో గోడ పక్క మంచం మీద దీనమ్మ పిన్ని సెలైను సూదితో పడుకుని ఉంది. కోడలు స్టూలు మీద కూర్చుని ఆమె అరికాళ్ళు రుద్దుతోంది. పిన్ని కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"వచ్చావా అబ్బాయ్" అంది. "ఏమన్నా తిన్నావా?"

నేను ముఖం తిప్పుకుని సెలైను సీసా వైపు చూశాను. ఆమె దాన్ని తినలేదని అర్థం చేసుకుంది. కోడలితో, "ఆ బన్ను ఉందిగా, ఆయనకియ్యి" అంది. కోడలు కదల్లేదు.

"నా మూలాన నీకు కడచూపు లేకండా పోయింది" అంది పిన్ని. "నేను పడిపొయ్యేసరికి సుజాత భయపడి ఎత్తించేసింది. రెండింటికే పెట్టేశారంట. కాసేపు ఓర్చుకున్నట్టయితే నువ్వొచ్చేవాడివి. ముసల్దాన్ని, ఓర్చుకోలేకపోయా. ఏమనుకోవాకు."

"ఓర్చుకునేదేంది అత్తా" అంది కోడలు. "ఇంకాసేపుంటే నువ్వు గూడా పక్కనే పండుకునేదానివి. డాక్టరన్న మాట ఇన్నావా." తర్వాత నా వైపు తిరిగింది, గొంతు పెంచలేదు. "మూడు గంటల్లో వస్తా అన్నావంట గద బావా. రాలేనని చెప్తే మేవేమన్నా కేసు పెడతామా?"

"నోర్ముయ్యే. దుఃఖంలో ఉన్నాడు" అంది పిన్ని.

నేను పిన్ని పాదం పట్టుకుని తప్పు నాదేనని చెప్పాను. కోల్‌కతాలోనే తెలుసునని, తెలిసే చెప్పలేదని చెప్పాను. ఆమె సరిగ్గా వినలేదు, లేక వినదలచుకోలేదు. "ఇమానాలు ఆలిస్యమైతే నువ్వేం చేస్తావులే" అంది. నేను ఆమెకు పెట్టిన పస్తుకు ఆమే నాకు సాకు వెతికిపెట్టింది. యాభై దాటిన మనిషిని, వీధిలోనో సభలోనో ఎవరైనా ఒక మాట అంటే నాలుగు అప్పజెప్పేవాణ్ణి. ఆ మంచం దగ్గర మాత్రం ఆమె పాదం వదలకుండా నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. రాత్రికి డాక్టరు మళ్ళీ చూస్తాడని, ప్రమాదం దాటిందని నర్సు చెప్పాక బయటికొచ్చాను.

ఊళ్ళోకి కారు తిరగ్గానే వాసన తగిలింది. తాలింపు వాసన, ఉడుకుతున్న అన్నం వాసన. బజారంతా పొయ్యిలు వెలుగుతున్నాయి. మా అక్క లేదన్న సంగతి ఫోన్ చెప్పలేదు, ఆస్పత్రి కూడా పూర్తిగా చెప్పలేదు, ఆ వాసన చెప్పింది. వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. అక్క ముఠాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తింటున్నారు. పొద్దుటినుంచి అదే వాళ్ళ మొదటి ముద్ద అయి ఉండాలి, సమాధి దగ్గర్నుంచి వచ్చి, స్నానాలూ ఆస్పత్రి పరుగులూ ముగించి వండేసరికి చీకటి పడిందట. ఆ రోజు కోతలకు కూడా పోలేదు. నేను దిగడం చూసి వాళ్ళు తినడం ఆపారు. ఇద్దరు ముగ్గురు కంచాలు కొంగు కింద పెట్టుకున్నారు. ఒకామె నోట్లో ముద్ద నమలకుండా అట్లాగే ఉంచుకుంది. నన్ను చూసి వాళ్ళు సిగ్గుపడ్డారు. రోజంతా నా కోసం తినకుండా కూర్చున్నవాళ్ళు, నేను రాకముందే తిన్నందుకు నా ముందు సిగ్గుపడ్డారు.

సుజాత వచ్చింది. "దాచుకోటమేంది, తినండత్తా" అని వాళ్ళను కసిరి, నన్ను పక్కకు తీసుకుపోయింది. "రెండింటికి నేనే ఎత్తమన్నా. నీకు చెప్దామని చేస్తే ఫోను పోలా."

"మంచి పని చేశావమ్మా" అన్నాను.

"మంచి పని పదకొండింటికి చెయ్యాల్సింది. నీ మాట మీద ఆపా" అంది. ఏడవలేదు. "అమ్మకి నువ్వొస్తావా రావా అన్న పట్టింపు ఉండదు మావయ్యా. ముఠాలో ఎవరన్నా తినకుండా కోతకొస్తే సాల్లోకి దిగనిచ్చేది కాదు. ఆ పట్టింపు మాత్రం ఉండేది."

ఆ తర్వాత టార్చి పట్టుకుని సమాధి దగ్గరికి పోయాం. కొత్త మట్టి, దాని మీద బంతిపూలు. నేను మట్టి వెయ్యలేదు. అప్పటికే వేయాల్సిన వాళ్ళు వేశారు.

ఇంటికొచ్చాక ఎన్నోసార్లు ఆలోచించాను, వాళ్ళు నా కోసం ఎందుకు ఆగారని. మా అక్క మరిది కర్నూలు నుంచి బస్సులో బయల్దేరి సాయంత్రానికి గాని చేరలేదు. ఆయన కోసం ఎవరూ ఒక్క నిమిషం ఆపలేదు, ఆయన ఆపమనలేదు కూడా. "నేను వచ్చేసరికి అయిపోద్ది, కానివ్వండి" అన్నాడట. బస్సులో వచ్చేవాడి సమయం అందరికీ తెలుసు, దానికి విలువ లేదు. విమానంలో వచ్చేవాడి సమయం ఎవరికీ తెలియదు, దానికి విలువ ఎక్కువ. ఆ తేడాను నేను వాడుకున్నాను. చదువుకున్న తమ్ముడు విమానంలో వస్తున్నాడంటే బజారు ఆగుతుందని నాకు తెలుసు, ఆగాలని కోరుకున్నాను కూడా. దాన్ని ప్రేమ అని చెప్పుకోవచ్చు, చాలామంది చెప్పుకుంటారు. నా వరకు అందులో సగం ప్రేమ, సగం పెత్తనం. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చూపించే ఆ పేజీకి ఏ పాపమూ తెలియదు, అది అడిగిందే చెప్పింది. అడగాల్సిందేమో దీనమ్మ పిన్నిని: సూది ఎప్పుడు వేసుకున్నావు, ఎంతసేపు ఆగగలవు అని. పిన్ని ఇప్పుడు బాగానే ఉంది. మొన్న ఫోన్ చేస్తే, కోతలు అయిపోయినయ్, కూకోలేక చస్తున్నా అంది.

పనికొచ్చే సలహా ఒకటి. గౌహతి నుంచి పల్నాడులో ఏ ఊరికైనా రావాలంటే, ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి పద్నాలుగు, పదిహేను గంటలు పెట్టుకోండి. నేరుగా వచ్చే విమానం దొరికితే కాస్త తగ్గుతుంది, కోల్‌కతాలో మారితే తగ్గదు. టికెట్ చేతికి వచ్చాకే ఊరికి టైము చెప్పండి. ఇక నా డిమాండ్లు. మీకూ, నాకూ, మిగతా అందరికీ.

చావింటికి చెప్పేటప్పుడు విమానం సమయం చెప్పొద్దు. మీరు గుమ్మంలో అడుగుపెట్టే సమయం చెప్పండి.

పొద్దు గూకేలోపు చేరలేమని తెలిస్తే, మొదటి ఫోన్లోనే "కానివ్వండి" అనండి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

ఆలస్యం తెలిసిన ప్రతిసారీ ఫోన్ చెయ్యండి. మెసేజ్ పెట్టి ఫ్లైట్ మోడ్‌లో దాక్కోవద్దు.

టికెట్లు అమ్మేవాళ్ళు, చావుకు పోయేవాడి దగ్గర రెట్టింపు ధర తీసుకోవద్దు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి సాగర్ మీదుగా మాచర్లకు నేరుగా బస్సు వెయ్యాలి. కారుకు అయిదు వేలు పెట్టలేనివాళ్ళకూ అక్కలుంటారు.

చావింటికి తీసుకుపోయే డ్రైవర్‌కి ముందు తిండి పెట్టించండి.

పొయ్యి వెలిగించకపోతే పక్క బజారు వండి తేవాలి. పాస్టర్లు, పెద్దలు ఈ మాట మైకులో చెప్పాలి.

పిల్లలు, బాలింతలు, సూది వేసుకునేవాళ్ళు శవం లేవకముందే తినాలి. ఎవరూ వాళ్ళవైపు చూడొద్దు.

ఎవరి కోసమూ ఆపొద్దు. నా కోసం అసలే వద్దు.